అరవై మిల్లీమీటర్ల గొంతు

“మనిషి మంచోడే సార్. గని ఇంజెక్షన్ బండ్లు ఆయనకు తెల్వకుండె.”

వనపర్తి బస్టాండు పక్కన, టాక్సీలు ఆగే చోట టీ తాగుతూ వెంకటయ్య ఈ మాట అన్నాడు. దానికి ముందు వాక్యంలో అతను చెప్పింది ఉస్తాద్ చనిపోయిన సంగతి. గద్వాలలో, కూతురి ఇంట్లో, నాలుగు రోజుల జ్వరంతో పోయాడట. మట్టి కూడా ఇచ్చి వారం దాటిందట. వెంకటయ్య ఏళ్ల తరబడి కిరాయి కారు నడుపుతున్నవాడు. చావు కబురునూ, పోయినవాడి పనితనం మీద తీర్పునూ ఒకే గుక్కలో చెప్పడం అతనికి తప్పుగా తోచలేదు. నేను తల ఊపాను.

ఆ తల ఊపడం వల్లనే ఇది రాయవలసి వచ్చింది. ఎందుకంటే ఆ వాక్యం వెంకటయ్యది కాదు, నాది. ఆరేళ్ల కిందట, రెండువేల మూడులో, పెబ్బేరు సంతలో, పదిమంది వింటుండగా దాన్ని మొదటిసారి పలికినవాణ్ణి నేను. ముందొక మెప్పు, తర్వాత ‘గని’, ఆ తర్వాత తీర్పు: ఆ అమరిక కూడా నేను పేర్చినదే. అప్పుడు నేను ‘తెల్వది’ అన్నాను. ఇప్పుడు మనిషి లేడు కనుక అది ‘తెల్వకుండె’ అయింది. మిగతాదంతా చెక్కుచెదరకుండా ఉంది.

ఆయన్ని వనపర్తిలో అందరూ ఉస్తాద్ అనేవారు. అసలు పేరు నాకు తెలుసు; ఇక్కడ రాయను. ఆ పేరుకు నేను ఇప్పటికే చేసింది చాలు.

కొత్తకోట రోడ్డులో ఆయనది రేకుల మెకానిక్ షెడ్డు. సన్నగా, పొడుగ్గా, మెడ కొంచెం ముందుకు వంగి ఉండేవాడు. కళ్లద్దాలను టోపీ లోపలి అంచుతో తుడిచేవాడు, చొక్కాతో ఎన్నడూ తుడవలేదు. చొక్కా ఇంజనుదని, టోపీ తనదని ఆయన విభజన. బండి తెచ్చినవాణ్ణి “ఏమైంది?” అని అడిగేవాడు కాదు. “ఏమంటుంది?” అని అడిగేవాడు. యజమాని చెప్పుకున్నదంతా ఓపికగా విని, ఇంజను నడిపించి, దానికి వీపు పెట్టి నిలబడేవాడు. మొదటిసారి చూసినప్పుడు నాకది నటన అనిపించింది. అలా ఎందుకని అడిగితే, “ముందట నిలబడితే కండ్లు అడ్డమొస్తయి సార్. సూస్కుంట ఇంటే సగమే ఇనబడ్తది,” అన్నాడు.

విప్పిన ప్రతి బోల్టునూ ఒక పాత లుంగీ గుడ్డ మీద పరిచేవాడు. వరసగా కాదు, ఇంజనులో ఏ బోల్టు ఎక్కడుందో గుడ్డ మీదా అక్కడే. మధ్యాహ్నానికి ఆ గుడ్డ మీద ఇంజను లేని ఇంజను ఒకటి తయారయ్యేది. పదేళ్లు డ్రాయింగు బల్ల ముందు గడిపిన నాకు, ఒక్క గీత కూడా గీయని ఆ మనిషి చేతిలో అంత కచ్చితమైన చిత్రం చూసినప్పుడు, మెచ్చుకోవాలో అసూయపడాలో తెలిసేది కాదు. రెండూ చేశాను.

రెండు పద్ధతులు ఆయనవి మాత్రమే. మొదటిది టీ గ్లాసు. పని పూర్తయ్యాక బండిని పెద్ద రోడ్డు మీదికి తీసుకెళ్లేవాడు కాదు. పొద్దున పది గంటలకు కూరగాయల బజారు సందులోకి, తోపుడు బండ్ల మధ్యకు తీసుకెళ్లేవాడు. పక్క సీట్లో యజమాని కూర్చోవాలి. అంచుదాకా నింపిన టీ గ్లాసు అతని చేతిలో పెట్టేవాడు. సందు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా మొదటి, రెండో గేర్లలో బండి పాకాలి. టీ ఒలికిందా, పని కాలేదన్నమాట. “పెద్ద రోడ్డు మీద ఏ బండైనా మంచిగనే ఉంటది. ఇరుకుల పెడితేనే దాని గుణం ఎరుకైతది,” అనేవాడు. ఆ ఊళ్లో కిరాయి కార్ల యజమానులు ఉస్తాద్ దగ్గరికి పాత చొక్కాలు వేసుకుని వెళ్లేవారు. ఒలికిన రోజు ఆయన మరొక గ్లాసు తెప్పించి తాగించి, బండిని మళ్లీ షెడ్డులోకి తోసేవాడు.

రెండోది గుర్తు. టీ ఒలకని బండికి మాత్రమే, తాను పని చేసిన భాగం మీద, పంచ్ అనే మొనదేలిన ఉక్కు ముక్కతో మూడు చుక్కలు కొట్టేవాడు, పొయ్యికి పెట్టే మూడు రాళ్లలా. చిన్న దెబ్బలు; వెతికితే తప్ప కనబడవు. కాని ఊళ్లోని డ్రైవర్లందరికీ ఎక్కడ వెతకాలో తెలుసు. పాత కారు కొనేటప్పుడు బానెట్ ఎత్తి ముందుగా చూసేది ఆ చుక్కలనే. చుక్కలుంటే ఆ పని ఉస్తాద్‌ది, లోపం వస్తే ఆయన్ని అడగవచ్చు. లేకపోతే అది ఇంకెవరిదో.

నేను అప్పుడు ఆ ఊళ్లో ఒక కళాశాలలో ఆటోమొబైల్ పాఠాలు చెప్పేవాణ్ణి. ఆ సంవత్సరాల్లో మా ప్రాంతపు మెకానిక్కులందరి ముందూ ఒక గోడ లేచి నిలబడింది. కార్బురేటర్ ఉన్న కార్లు పోయి, పెట్రోలును కంప్యూటరు లెక్కగట్టి చిమ్మే ఇంజెక్షన్ కార్లు వస్తున్నాయి. కిరాయి డ్రైవర్లు ఒకరి తర్వాత ఒకరు వాటికే మారుతున్నారు. ఉస్తాద్‌కు అప్పటికి అరవై దాటాయి. ఒకరోజు ఆయన మా కళాశాల గేటు దగ్గరికి సైకిలు మీద వచ్చి, దిగి, నన్ను పక్కకు పిలిచాడు.

“సార్, నాకు జర సబక్ చెప్తవా?”

“ఏం పాఠం ఉస్తాద్?”

“గీ ఇంజెక్షన్‌ది. వైర్లు సూస్తే పరేషాన్ అయితుంది. ఇది నేర్వకుంటె ఇగ నా షెడ్డుకు మోపెడ్లే దిక్కు.”

ప్రతి శుక్రవారం నమాజు తర్వాత, తెల్ల చొక్కాలో, ఆయన నా ముందు కూర్చునేవాడు. షెడ్డులో ఆయనకొక స్టూలు, నాకొక కుర్చీ. మల్టీమీటరు కొన్నాడు. ఏ సెన్సరు ఎన్ని వోల్టులు చూపాలో గోడ మీద సుద్దతో, ఉర్దూ అంకెల్లో రాసుకునేవాడు. ఒకసారి చెప్పింది రెండోసారి అడిగేవాడు కాదు. ఆ వారమంతా దాన్ని బండ్ల మీద పరీక్షించి, వచ్చే శుక్రవారం నాకు తెలియనిది ఒకటి చెప్పేవాడు. నాలుగు నెలల్లో ఆయన ఎంత దూరం వచ్చాడో కొలవగలిగిన మనిషి వనపర్తిలో నేనొక్కడినే. ఈ వాక్యం మళ్లీ అవసరపడుతుంది.

ఇక నా కారు. వాడిన కారు కొన్నాను: పదమూడు వందల సీసీ, నాలుగు సిలిండర్లు, ఇంజెక్షన్. హైదరాబాదులో ఔత్సాహికులకు జరిగే ఒక పందెంలో పాల్గొనాలని నా కోరిక. విద్యార్థుల ముందు, తోటి అధ్యాపకుల ముందు నిలబడి చెప్పుకోవాలని అంతకంటె పెద్ద కోరిక. సిలిండర్లను కొంచెం పెద్దవి చేయించాం. హెడ్డు చెక్కించాం. వాల్వులను ఎత్తే క్యామ్‌ను మళ్లీ సానబట్టించాం. అంతా ఉస్తాద్ చేతుల మీదుగానే, అంతా మూడు చుక్కలతోనే జరిగింది. మిగిలింది థ్రాటిల్ బాడీ.

అది ఇంజను గాలి పీల్చే ద్వారం. గుండ్రటి గొట్టంలో నాణెంలాంటి బిళ్ల ఒకటి ఇరుసు మీద తిరుగుతుంది. కాలితో రేస్ నొక్కితే బిళ్ల తెరుచుకుని గాలి లోపలికి పోతుంది. ఉస్తాద్ దాన్ని గొంతు అనేవాడు. నా కారుకు కంపెనీ ఇచ్చిన గొంతు వ్యాసం నలభై ఆరు మిల్లీమీటర్లు. ఇంజను శక్తి పెంచాం కనుక గొంతూ పెద్దది కావాలి. ఎంత పెద్దది అన్నదే ప్రశ్న.

నేను లెక్క వేశాను. నిమిషానికి ఏడు వేల చుట్ల దగ్గర ఆ ఇంజను పీల్చగల గాలి దాదాపు నాలుగు వేల అయిదు వందల లీటర్లు. గొట్టంలో గాలి వేగం తగ్గితే ఒత్తిడి నష్టం తగ్గుతుంది. వైశాల్యం వ్యాసపు వర్గంతో పెరుగుతుంది కనుక, అరవై మిల్లీమీటర్ల గొంతు పెడితే దారి ఒకటికి ఒకటి పాయింటు ఏడు రెట్లవుతుంది. పెద్ద కారు నుంచి తీసిన అరవై మిల్లీమీటర్లది హైదరాబాదు పాత సామాన్ల బజారులో దొరికింది. లెక్క రాసిన రెండు పేజీలనూ, ఆ భాగాన్నీ తీసుకెళ్లి ఉస్తాద్ ముందు పెట్టాను.

ఆయన పేజీలను తిరగేసి చూశాడు. అంకెలు చదవగలడు, సూత్రాలు చదవలేడు. వేలితో ఏడు వేలు అన్న అంకె మీద ఆగాడు.

“ఇది దౌడ్‌ది గదా?”

“అవును. పూర్తి వేగం దగ్గర.”

“మరి నడకది లెక్క ఏడుంది?”

నేను నవ్వాను. పందెంలో నడక ఉండదన్నాను.

“పందెం ఒక్కరోజు సార్. తొవ్వ పొడుగూత నడకనే ఉంటది. యాభై చాలు దీనికి. నీ పాత గొంతునే లేత్ మీద కొరిపించి యాభై చేస్త. అరవై పెడితే కాలు పెట్టంగనే బండి ఎగుర్తది. సగం తొక్కితె అంతనే, పూరా తొక్కితె అంతనే.”

ఆయన చెప్పింది పూర్తిగా నిజమని నాకు తెలియవలసినది. బిళ్ల పెద్దదైతే, పెడల్ కొంచెం కదిలినా తెరుచుకునే దారి పాతదానికి దాదాపు రెండింతలవుతుంది. మొదటి అయిదారు డిగ్రీలలోనే ఇంజను సగం కోపం బయటికి వస్తుంది. ఇది నేను తరగతిలో చెప్పే పాఠమే. కాని సూత్రం చదవలేని మనిషి నా సూత్రంలో లోపం చూపడాన్ని నేను భరించలేకపోయాను. “ఉస్తాద్, ఇంజెక్షన్ సంగతి నాకు వదిలెయ్యండి,” అన్నాను. గోడ మీద సుద్ద అంకెల వైపు ఒకసారి చూసి, ఆయన పానా అందుకున్నాడు.

ఇష్టం లేని పనిని కూడా ఆయన నిర్లక్ష్యంగా చేయలేదు. అరవైకి సరిపడేలా గొంతు కింది మూతిని వెడల్పు చేసి, అతుకు దగ్గర వేలి గోటికి తగలనంత నున్నగా రాపాడు. సెన్సరు బిగించి, బిళ్ల మూసినప్పుడు అర వోల్టు చూపేదాకా స్క్రూ తిప్పి, మీటరును నాకు చూపాడు. పాఠం ఒప్పజెప్పే విద్యార్థిలా చూపాడు. సరిగ్గా ఉంది.

తర్వాత కూరగాయల బజారు. టీ గ్లాసు నా చేతిలో. రెండో తోపుడు బండి దగ్గరే టీ సగం నా చొక్కా మీదికి వచ్చింది.

“క్లచ్ పట్టేసింది,” అన్నాను.

“క్లచ్ నేనే కట్టిన సార్.”

“గ్లాసు మరీ నింపారు.”

ఆయన బండి తిప్పాడు. షెడ్డుకు వచ్చాక పంచ్, సుత్తి తీసి, నా చేతికి ఇచ్చాడు. పక్కన అక్షరాల పంచ్‌ల డబ్బా పెట్టాడు.

“నా సుక్కలు దీని మీద పడయి. ఇది నీ పని. నీ గుర్తు నువ్వు కొట్టు.”

అది అవమానం కాదని, నిజాయితీ అని, ఇవాళ రాయగలుగుతున్నాను. ఆ రోజు నాకది సవాలు. నా పేరు మొదటి అక్షరం ఎంచుకుని, థ్రాటిల్ బాడీ పై అంచు మీద పెట్టి కొట్టాను. మొదటి దెబ్బకు లోతు చాలలేదు. రెండో దెబ్బకు పంచ్ జరిగింది. అక్షరం జంటగా, ఒకదాని పక్కన దాని నీడలా పడింది. “పడ్డది,” అన్నాడు ఉస్తాద్, అంతే.

తర్వాతి శనివారం వెంకటయ్యను పక్కన కూర్చోబెట్టుకుని జాతీయ రహదారి మీద కారు పరుగు చూపించాను. అతను కొత్తగా ఇంజెక్షన్ కారు కొన్నవాడు; ఉస్తాద్ దగ్గరికి తేవచ్చా వద్దా అని ఊగుతున్నాడు. నా కారు తేల్చాలి. రోడ్డు మీద కారు అద్భుతంగా పరుగెత్తింది. “అమ్మో, ఇది కారు కాదు సార్, దయ్యం,” అంటూ అతను డాష్‌బోర్డు పట్టుకున్నాడు. తిరుగు దారిలో పెబ్బేరు. శనివారం, పశువుల సంత.

రోడ్డు దాకా ఎడ్లు, బర్రెలు, పలుపుతాళ్లు, మువ్వల పట్టీలు. అడుగు అడుగుకీ ఆగుతూ పోవాలి. ఒక జత ఎడ్ల వెనక ఆగాను. అవి రెండడుగులు కదిలాయి. నేను పెడల్ మీద పాదం ఆనించాను. ఆనించానంతే. కారు ఎగిరింది, ఆ కుదుపుకు నా పాదం ఒకసారి లేచి, మళ్లీ బలంగా పడింది. బంపరు ఎడమవైపు ఎద్దు వెనక కాలును తాకిన చప్పుడు నాకింకా వినబడుతుంది. ఎండుకట్టె విరిచినట్టు, పొట్టిగా.

ఆ ఎద్దుల రైతుది తెలకపల్లి. తిట్టలేదు. ఎద్దు మెడ మీద చెయ్యి వేసి, “పొద్దుగాలనే కొన్న. ఇంకా మా ఇంటి మొఖం గూడ సూడలే ఇది,” అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. జనం మూగారు.

“ఏం నడుపుతున్నవయ్యా? సంతల గిట్లనా?”

“సదువుకున్నోనివి, కండ్లు లేవా?”

వెంకటయ్య నన్ను కాపాడబోయాడు. “సార్ తప్పు కాదన్నా. బండికే ఏదో అయింది. మొన్ననే ఉస్తాద్ షెడ్డుల పని నడిసింది దీనికి.”

అందరూ నా వైపు చూశారు. సంతలో ఉస్తాద్‌ను ఎరగనివాళ్లు తక్కువ. ఒక్క క్షణం ఉంది నాకు. ఆ క్షణాన్ని నేను చాలాసార్లు కొలిచాను. తక్కువదేమీ కాదు, నిజం చెప్పడానికి సరిపోయేంతది.

“మనిషి మంచోడే,” అన్నాను. “గని ఇంజెక్షన్ బండ్లు ఆయనకు తెల్వది.”

ఎద్దు విలువ ఆ పూటే రైతుకు ఇచ్చేశాను. ఆ రోజు నేను చెల్లించగలిగింది అదొక్కటే.

ఆదివారం పొద్దున మా పెరట్లో బానెట్ ఎత్తాను. నాకు భయం పట్టుకుంది: ఎవరైనా డ్రైవరు చుక్కల కోసం వెతికితే నా అక్షరం కనబడుతుంది. ఆకురాయి తెచ్చి దాన్ని రాకేశాను. అల్యూమినియం మెత్తటి లోహం. పద్నాలుగు రాపులు. జంట అక్షరం పోయి, వేలి గోరంత జాగా తెల్లగా, అద్దంలా మెరిసింది.

సోమవారం కారును ఉస్తాద్ దగ్గరికే తీసుకెళ్లాను. నా ఇంజను సంగతి తెలిసినవాడు వేరెవరూ లేరు. సంత మాట నాకన్నా ముందే అక్కడికి చేరింది. వెంకటయ్యతో పాటు నలుగురు డ్రైవర్లు షెడ్డు ముందర నిలబడి ఉన్నారు, ముసలాయన ఏమంటాడో వినడానికి.

ఆయన మొదటి మాట నాతో కాదు, నా కారుతోనూ కాదు. “ఎద్దు బతికిందా?” అని వెంకటయ్యను అడిగాడు. కాలు పోయిందన్నాడతను. ఆయన ఒకసారి నాలుక చప్పరించి, బానెట్ ఎత్తి, వంగాడు. నేను పక్కనే ఉన్నాను. ఆయన బొటనవేలు నేరుగా గొంతు పై అంచుకు పోయి, ఆ మెరిసే జాగా మీద ఆగింది. ఒకసారి ఇటు, ఒకసారి అటు రుద్దింది. తాజా ఆకురాయి గీతలు ఆ వేలికి తెలియకుండా ఉండవు.

డ్రైవర్లు చూడటానికి దగ్గరికి జరిగారు. “సుక్కలున్నయా ఉస్తాద్?” అని ఎవరో ఎగతాళిగా అడిగారు.

ఆయన ఇంజను పక్కన పేరుకున్న నల్లటి గ్రీజును వేలితో తీసి, ఆ మెరుపు మీద పూశాడు. మెల్లగా, అంచులదాకా, పుండుకు మందు రాసినట్టు. అప్పుడు లేచి, “జరుగుండ్రి, వెల్తురుకు అడ్డమొస్తుండ్రు,” అన్నాడు.

చుక్కలు లేవని చెప్పలేదు. అక్షరం ఉండేదనీ చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు.

వాళ్లు వెళ్లాక ఆయన షెల్ఫు మీద నుంచి గుడ్డలో చుట్టినది ఒకటి తీశాడు. నా పాత గొంతు. లోపల యాభైకి కొరిపించి, కొత్త ఇత్తడి బిళ్ల అమర్చి సిద్ధంగా ఉంచాడు. “నువ్వు మళ్లొస్తవని ఎరుకే సార్,” అన్నాడు. “గిట్ల వస్తవని తెల్వకుండె.” ఆ ఒక్కటే ఆయన నన్నన్న మాట. బిగించాక కూరగాయల బజారుకు పోయాం. గ్లాసు నా చేతిలో, అంచుదాకా. చుక్క ఒలకలేదు. షెడ్డుకు వచ్చి దాని మీద మూడు చుక్కలు కొట్టి, అరవైదాన్ని కాగితంలో చుట్టి నా ఒళ్లో పెట్టాడు.

తర్వాత మన్ననూరు దాటాక వచ్చే ఘాటు రోడ్డు మీద యాభై గొంతుతో కారును ఎక్కించి కాలం కొలిచాను. సంతకు ముందు అరవైతో ఎక్కినప్పటి కొలతలు నా దగ్గర ఉన్నాయి. తేడా నా స్టాప్‌వాచీ పట్టుకోలేనంత తక్కువ. పందేనికి నేను వెళ్లలేదు.

ఆ వాక్యం మాత్రం వెళ్లింది. అధ్యాపకుడు అన్నాడు కనుక దానికి బరువుంది. వెంకటయ్య తన కొత్త కారును కర్నూలులో చూపించుకోవడం మొదలుపెట్టాడు, మిగతావాళ్లు మహబూబ్‌నగర్‌లో. శుక్రవారాలు ఆగిపోయాయి, ఆయన పిలవలేదు, నేను వెళ్లలేదు. ఏడాది తిరిగేసరికి షెడ్డులో మోపెడ్లు, పంటలకు మందు కొట్టే పంపులు మిగిలాయి. ఆ తర్వాత షెడ్డు మూసి గద్వాల వెళ్లిపోయాడని విన్నాను. నాకు నాగర్‌కర్నూలుకు బదిలీ అయింది. ఆ కారు అమ్మేశాను.

ఒక్కసారి, పరీక్షల పని మీద గద్వాల వెళ్లినప్పుడు, కోట వెనక సందులో ఆయన్ని చూశాను. నేల మీద కూర్చుని ఉన్నాడు. ముందర గుడ్డ, గుడ్డ మీద, పంపు ఇంజనువి, ఏడంటే ఏడు బోల్టులు, వాటి వాటి స్థానాల్లో. నన్ను చూసి లేవబోయాడు. వద్దంటున్నా స్టూలు నాకిచ్చాడు. టీ తెప్పించాడు, అంచుదాకా.

ఆ రోజు చెప్పాలని నిశ్చయించుకునే సందులోకి అడుగుపెట్టాను. మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగాను. చక్కెర జబ్బు సంగతి అడిగాను. కూతురి పిల్లల చదువు అడిగాను.

“ఆ బండి ఉన్నదా సార్?”

“అమ్మేసిన ఉస్తాద్.”

“మంచి ఇంజను,” అన్నాడు. కాసేపు బోల్టుల వైపు చూసి, “సబక్ సగంల ఆగిపాయె. పొగ గొట్టం కాడ ఒక సెన్సర్ ఉంటదంటివి. దాని వోల్టు చెప్పనేలే,” అన్నాడు.

సున్నా నుంచి ఒక వోల్టు మధ్య ఆడుతుందని చెప్పాను. ఆయన జేబులోంచి సుద్దముక్క తీశాడు. ఇంకా ఉంది ఆయన జేబులో. రాయడానికి గోడ వైపు తిరిగాడు. ఆ గోడ వేరేవాళ్లదేమో, ఒక క్షణం ఆగి, సుద్దను మళ్లీ జేబులో వేసుకున్నాడు. “యాదికుంటది తియ్,” అన్నాడు. నేను టీ తాగి బస్సెక్కాను.

వెంకటయ్య మాటకు తల ఊపి నాగర్‌కర్నూలు చేరాక, బీరువా అడుగున ఉన్న ఆ అరవైదాన్ని తీశాను. ఆయన పూసిన గ్రీజు ఎండి, ఆకురాయి గీతల్లో నల్లగా ఇంకిపోయి ఉంది. మరుసటి ఆదివారం దాన్ని సంచిలో వేసుకుని మళ్లీ వనపర్తి వెళ్లాను. అదే టీ బల్ల. వెంకటయ్యతో పాటు ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు ఉన్నారు. దాన్ని బల్ల మీద పెట్టి, మొదటి నుంచి చెప్పాను. లెక్క నాదని, ఆయన యాభై అన్నాడని, గుర్తు కొట్టనన్నాడని, కొట్టింది నేనని, సంతలో నేనన్నది అబద్ధమని. ఇంజెక్షన్ ఆయనకు తెలుసని, నేర్పినవాణ్ణి నేనే కనుక నాకంటె బాగా ఎవరికీ తెలియదని చెప్పాను.

వెంకటయ్య ఆ భాగాన్ని చేతిలోకి తీసుకుని, డ్రైవరు అలవాటు కొద్దీ వెలుతురుకు తిప్పి చూశాడు.

“మీ అక్షరం ఏడుంది సార్?”

“ఇక్కడుండె. నేనే రాకేసిన.”

అతను గ్రీజు మీద వేలు పెట్టి గీకి చూశాడు. “ఏం లేదు సార్ ఈడ. అంత సాఫే ఉంది.” తర్వాత దాన్ని నా ముందుకు జరిపి, పక్కవాళ్ల వైపు తిరిగి, గొంతు తగ్గించి, నిజమైన గౌరవంతో అన్నాడు: “సూసిండ్రా? పోయినాయన మీద మాట రావద్దని, ఆ తప్పు తన మీద ఏస్కుంటుండు. పెద్ద మనసున్న సార్లు గిట్లుంటరు.”

“వెంకటయ్యా, నేను చెప్పేది—”

“అర్థమైంది సార్, ఫికర్ చెయ్యకుండ్రి. ఇగ ఆ మాట మేము ఎత్తం.” అంగడివాణ్ణి కేకేశాడు. “సార్‌కు చాయ్ ఇయ్యి, నిండుగ.”

టీ వచ్చింది, అంచుదాకా. గ్లాసు ఎత్తాను. కింద బల్ల కదలడం లేదు, నేల కదలడం లేదు, ఏ ఇంజనూ నడవడం లేదు. టీ చొక్కా మీద ఒలికింది.